త్రిభుజం నుంచి వృత్తానికి: త్రికోణమితిని సొంతంగా చదువుకునేవారు ఆగిపోయే చోటు

ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 విద్యా సంవత్సరం నుంచి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలు వచ్చాయి. గణితం ఎ, గణితం బి అని విడివిడిగా ఉండిన రెండు పేపర్లు ఒకటిగా కలిశాయి. ఈ మార్పు తర్వాత కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో పిల్లలను ఇంటర్‌లో చేర్పించిన తల్లిదండ్రులను, ఓపెన్ స్కూలు ద్వారానో పోటీ పరీక్షల కోసమో ఇంట్లోనే చదువుకుంటున్న పెద్దలను ఒకే సందేహం వెంటాడుతోంది. పదో తరగతిలో త్రికోణమితి లెక్కలన్నీ సులువుగా చేసినవారు, 'త్రికోణమితీయ ప్రమేయాలు' అనే అధ్యాయం తెరవగానే ఎందుకు తడబడుతున్నారు?

సూత్రాలు ఎక్కువైపోయాయన్నది సాధారణంగా వినిపించే సమాధానం. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు చిక్కు అంతకంటే ముందే, అధ్యాయం మొదటి పేజీల్లోనే మొదలవుతుంది. పదో తరగతిలో సైన్ అంటే ఒక త్రిభుజంలోని నిష్పత్తి. ఇంటర్‌లో సైన్ అంటే వృత్తం మీద కదిలే ఒక బిందువు ఎత్తు. పేరు అదే ఉండి నిర్వచనం మారిపోయింది. తరగతిలో ఉపాధ్యాయుడు ఈ మార్పును ఒక్క వాక్యంలో చెప్పగలడు. సొంతంగా చదువుకునేవారు మాత్రం దాన్ని గమనించకుండానే దాటిపోయి, పది పేజీల తర్వాత ఎక్కడ తప్పిపోయామో తెలియక నిలబడిపోతారు.

పదో తరగతి నిర్వచనం ఎంతవరకు పనిచేస్తుంది

లంబకోణ త్రిభుజంలో ఒక లఘుకోణాన్ని తీసుకుంటే, దానికి ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగించగా వచ్చేది సైన్. ఆసన్న భుజాన్ని కర్ణంతో భాగించగా వచ్చేది కాస్. ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగించగా వచ్చేది టాన్. మిగిలిన కొసెక్, సెక్, కాట్ ఈ మూడింటి వ్యుత్క్రమాలు.

త్రిభుజం పెద్దదైనా చిన్నదైనా కోణం మారనంతవరకు ఈ నిష్పత్తి మారదు. భుజాలు 3, 4, 5 ఉన్న త్రిభుజంలోనూ, 6, 8, 10 ఉన్న త్రిభుజంలోనూ చిన్న కోణానికి సైన్ విలువ 3/5 మాత్రమే. కారణం, అవి రెండూ సరూప త్రిభుజాలు కావడమే. ఈ కారణాన్ని చాలామంది చదవకుండానే ముందుకు వెళ్తారు. నిజానికి విషయమంతా దీని మీదే నిలబడి ఉంది, ఎందుకంటే నిష్పత్తి త్రిభుజం పరిమాణాన్ని బట్టి మారేదైతే 'సైన్ 30°' అనే మాటకు అర్థమే ఉండేది కాదు.

కర్నూలులో కొండారెడ్డి బురుజు ఎత్తును కిందినుంచే లెక్కకట్టాలంటే ఈ నిర్వచనం చాలు. బురుజు అడుగు వరకు ఉన్న దూరాన్ని, పై అంచు కనిపించే ఊర్ధ్వకోణానికి టాన్ విలువతో గుణించి, చూసేవారి కంటి ఎత్తును కలిపితే బురుజు ఎత్తు వస్తుంది.

అయితే ఇదే నిర్వచనంతో సైన్ 150° ఎంత అని అడిగితే జవాబు లేదు. ఒక కోణం 90°, మరొకటి 150° ఉన్న త్రిభుజం ఉండదు. కోణాల మొత్తం 180° దాటిపోతుంది. ఆమాటకొస్తే సైన్ 90° కూడా ఈ నిర్వచనానికి అందదు, రెండు లంబకోణాలున్న త్రిభుజం ఎక్కడిది? అయినా పదో తరగతి పట్టికలో సైన్ 90° = 1 అని ఉంటుంది. కోణం 90°కు దగ్గరయ్యేకొద్దీ ఎదుటి భుజం కర్ణంతో సమానం కావస్తుందన్న వివరణతో ఆ విలువను ఇస్తారు. త్రిభుజ నిర్వచనం తన హద్దును చేరుకున్నదన్న సూచన ఆ పట్టికలోనే ఉంది.

కర్నూలు మిద్దె మీద ఒక మీటరు కర్ర

రుణకోణం, రుణ విలువ అనేవి గణితజ్ఞుల కల్పనలని అనుకునేవారికి నీడ మంచి సాక్ష్యం. కర్నూలు అక్షాంశం సుమారు 15.83° ఉత్తరం. భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో సూర్యుడున్న కోణాన్ని క్రాంతి అంటారు. అది ఏడాది పొడవునా దక్షిణాన 23.44° నుంచి ఉత్తరాన 23.44° వరకు మారుతూ ఉంటుంది. ఉత్తర క్రాంతిని ధనంగానూ దక్షిణ క్రాంతిని రుణంగానూ తీసుకుంటే, అక్షాంశం నుంచి క్రాంతిని తీసివేయగా వచ్చేది మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి దక్షిణానికి ఎంత వాలి ఉన్నాడో చెప్పే కోణం. మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెడితే, దాని నీడ పొడవు ఆ కోణానికి టాన్ విలువ అవుతుంది.

మార్చి 21 ప్రాంతంలో క్రాంతి సున్నా. కోణం 15.83°, టాన్ విలువ సుమారు 0.28, అంటే నీడ 28 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. డిసెంబరు 21 ప్రాంతంలో క్రాంతి −23.44°. కోణం 39.27°, టాన్ విలువ 0.82, నీడ 82 సెంటీమీటర్లు, మళ్లీ ఉత్తరం వైపే. జూన్ 21 ప్రాంతంలో క్రాంతి 23.44°. ఇప్పుడు తీసివేస్తే కోణం −7.61° వస్తుంది, దాని టాన్ విలువ −0.13. పొడవుకు రుణ గుర్తేమిటని ఇక్కడ ఆగిపోనక్కరలేదు. ఆ రోజు నీడ 13 సెంటీమీటర్లే ఉంటుంది, అయితే దక్షిణం వైపు పడుతుంది. గుర్తు దిక్కును చెబుతోంది.

ఇక్కడ మధ్యాహ్నం అంటే గడియారంలో 12 గంటలు కాదు. కర్నూలు రేఖాంశం సుమారు 78°. భారత ప్రామాణిక కాలం 82.5° రేఖాంశానిది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, కర్నూలులో సూర్యుడు అతి ఎత్తుకు చేరేది సగటున 12 గంటల 18 నిమిషాలకు. ఆ సమయం కూడా ఋతువును బట్టి కొన్ని నిమిషాలు అటూ ఇటూ జరుగుతుంది.

ఇదే కోణానికి కాస్ విలువ మరో విషయం చెబుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల ప్రాంతంలో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. సౌర ఫలకాన్ని నేల మీద చదునుగా పరిస్తే, డిసెంబరు 21 మధ్యాహ్నం దాని మీద పడే నేరు ఎండ, సూర్యుడికి సరిగ్గా ఎదురుగా తిప్పిన ఫలకం మీద పడేదానిలో కాస్ 39.27° వంతు, అంటే దాదాపు 77 శాతం ఉంటుంది. అదే ఫలకాన్ని దక్షిణానికి మన అక్షాంశమంత, సుమారు 16° వాల్చితే కోణం 23.4°కు తగ్గి, వాటా దాదాపు 92 శాతానికి చేరుతుంది.

వృత్తం మీద బిందువు

ఇప్పుడు కొత్త నిర్వచనానికి వద్దాం. మూలబిందువు కేంద్రంగా, వ్యాసార్ధం 1 ఉండేలా గీసిన వృత్తాన్ని యూనిట్ వృత్తం అంటారు. కుడివైపు ఎక్స్ అక్షం మీది (1, 0) బిందువు నుంచి బయలుదేరి అపసవ్య దిశలో ఇచ్చిన కోణమంత తిరిగితే చేరే బిందువుకు ఎక్స్ నిరూపకమే కాస్, వై నిరూపకమే సైన్. సవ్య దిశలో తిరిగితే కోణం రుణం. ఒక చుట్టు దాటి తిరిగినా అభ్యంతరం లేదు.

లఘుకోణాలకు ఇది పాత నిర్వచనంతో సరిపోతుంది. బిందువు నుంచి ఎక్స్ అక్షానికి లంబం గీస్తే లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది, వ్యాసార్ధమే కర్ణం, కర్ణం 1 కనుక ఎదుటి భుజమే సైన్. ఇక 150° విషయానికొస్తే, ఆ బిందువు వై అక్షానికి అవతల 30° బిందువుకు ప్రతిబింబంలా ఉంటుంది. ఎత్తు మారదు, ఎడమవైపు ఉంటుంది. కాబట్టి సైన్ 150° = 1/2, కాస్ 150° = −√3/2.

ఈ బొమ్మ ఒక్కటి మనసులో ఉంటే చాలా సంగతులు వాటంతటవే వస్తాయి. మొదటి పాదంలో అన్నీ, రెండో పాదంలో సైన్, మూడో పాదంలో టాన్, నాలుగో పాదంలో కాస్ ధనాత్మకమని గుర్తుంచుకోవడానికి మన కాలేజీల్లో తరతరాలుగా చెబుతున్న 'ఆల్ సిల్వర్ టీ కప్స్' అన్న మాటకు ఆధారం ఈ నాలుగు పాదాల్లో నిరూపకాల గుర్తులే. సైన్² + కాస్² = 1 అన్న సర్వసమీకరణం ఆ వృత్త సమీకరణమే. సైన్ విలువ −1కీ 1కీ మధ్యే ఎందుకుండాలన్నదీ, 90° దగ్గర టాన్ ఎందుకు నిర్వచితం కాదన్నదీ బొమ్మలో కనిపిస్తాయి.

దీన్ని బట్టి మొదటే వృత్తంతో బోధించాలని వాదించేవారున్నారు. వారి వాదనలో బలముంది: ఒకే నిర్వచనం చివరిదాకా పనిచేస్తుంది, మధ్యలో దేన్నీ వదిలించుకోనక్కరలేదు. త్రిభుజంతోనే మొదలుపెట్టాలనేవారి వాదననూ తోసిపుచ్చలేం. నిరూపక తలంతో ఇంకా చనువు ఏర్పడని పిల్లలకు ఎత్తులు, దూరాల లెక్కలు వెంటనే అర్థమవుతాయి, చేతికి ఫలితం దొరుకుతుంది. మన పాఠ్యపుస్తకాలు రెండో దారిని ఎంచుకున్నాయి. సొంతంగా చదివేవారికి క్రమం కన్నా రెండింటి మధ్య ఉన్న వంతెన ముఖ్యమని నా అభిప్రాయం; కర్ణాన్ని 1గా చేసిన ఆ ఒక్క అడుగే ఆ వంతెన.

రేడియన్: ఆర్యభటుని 3438 చెప్పే కథ

కొత్త అధ్యాయంలో రెండో అడ్డంకి రేడియన్. వృత్త వ్యాసార్ధమంత పొడవున్న చాపం కేంద్రం వద్ద చేసే కోణం 1 రేడియన్. అనంతపురం వేరుశనగను ఆడించిన పాతకాలపు ఎద్దు గానుగను ఊహించుకుంటే ఇది సులువుగా పట్టుబడుతుంది. ఎద్దు గానుగ నడిమి నుంచి 3 మీటర్ల దూరంలో తిరుగుతోందనుకుందాం. అది 3 మీటర్లు నడిస్తే తిరిగిన కోణం 1 రేడియన్. పూర్తి చుట్టుకు నడక సుమారు 18.85 మీటర్లు, 3తో భాగిస్తే 6.28, అంటే 2 పై (π) రేడియన్లు. కాబట్టి 180° = పై రేడియన్లు, 1 రేడియన్ సుమారు 57.3°.

డిగ్రీలు ఉండగా ఇదెందుకన్న ప్రశ్నకు ఆర్యభటుడు 499 ప్రాంతంలో కూర్చిన సైన్ పట్టికలో చక్కని జవాబు ఉంది. ఆయన వ్యాసార్ధాన్ని 3438గా తీసుకున్నాడు. వృత్తంలో 360 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 60 కలలు, మొత్తం 21,600 కలలు. దీన్ని 2 పై తో భాగిస్తే 3437.75 వస్తుంది. అంటే చాపాన్నీ వ్యాసార్ధాన్నీ ఒకే కొలతలో కొలవాలన్న ఆలోచన ఆ అంకెలో ఉంది. రేడియన్ ఆలోచన కూడా అదే.

ఆయన 225 కలల, అంటే 3.75 డిగ్రీల మెట్లతో, వ్యాసార్ధం 3438 ఉన్న వృత్తం మీద బిందువు ఎత్తుకు వచ్చే 24 విలువల మధ్య భేదాలను ఇచ్చాడు: 225, 224, 222, 219, 215, 210, 205, 199 అని మొదలై చివరికి 7 వరకు తగ్గుతాయి. మొదటి ఎనిమిదింటిని కూడితే 1719, సరిగ్గా 3438లో సగం. ఎనిమిది మెట్లు అంటే 30°. సైన్ 30° = 1/2 అన్న మాట అక్కడ అంకెల్లో ఉంది. మరొకటి గమనించదగింది. మొదటి మెట్టులో కోణం 225 కలలు, దానికి వచ్చిన విలువా 225. కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడు, చిన్న కోణానికి సైన్ విలువ దాదాపు ఆ కోణమే. ఇంటర్‌లో తర్వాత వచ్చే అవకలనంలో సైన్ అవకలజం (అది మారే రేటు) కాస్ అని శుభ్రంగా రావడానికి కారణం ఇదే. డిగ్రీల్లో అయితే ప్రతిసారీ పై/180 అనే గుణకాన్ని మోయాలి.

ఎత్తులు, దూరాలు, సర్వే పనుల్లో డిగ్రీలే సౌకర్యం, అందులో తప్పేమీ లేదు. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందో డిగ్రీల్లో ఉందో చూడకుండా సైన్ 30 నొక్కినవారికి 0.5కు బదులు −0.988 కనిపిస్తుంది. అది యంత్రం తప్పు కాదు, 30 రేడియన్లకు సరైన జవాబే.

నిష్పత్తి ప్రమేయంగా మారేది ఎప్పుడు

ప్రతి ఇన్‌పుట్‌కు కచ్చితంగా ఒకే అవుట్‌పుట్ ఇచ్చే నియమాన్ని ప్రమేయం అంటారు. వృత్త నిర్వచనంతో ఏ వాస్తవ సంఖ్యకైనా సైన్ విలువ ఉంది కనుక, సైన్ ప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ, వ్యాప్తి −1 నుంచి 1 వరకు. 360° తిరిగితే బిందువు మొదటి చోటికే వస్తుంది కనుక విలువలు పునరావృతమవుతాయి. ఇలాంటి వాటిని ఆవర్తన ప్రమేయాలంటారు.

ఇందాకటి సూర్యుని క్రాంతి మంచి ఉదాహరణ. అది దాదాపుగా ఈ సూత్రాన్ని అనుసరిస్తుంది: క్రాంతి = 23.44° × సైన్ [(360°/365) × (రోజు సంఖ్య − 80)]. జనవరి 1ని 1గా లెక్కిస్తే మార్చి 21 ఏడాదిలో 80వ రోజు. ఇక్కడ సైన్ లోపల ఉన్నది ఏ త్రిభుజపు కోణమూ కాదు, గడిచిన కాలం.

కర్నూలులో నీడ మాయమయ్యే రోజు ఏదో ఈ సూత్రంతో కనుక్కోవచ్చు. క్రాంతి 15.83° కావాలి. 15.83ను 23.44తో భాగిస్తే 0.675. ఏ కోణానికి సైన్ 0.675 అని కాలిక్యులేటర్‌ను అడిగితే 42.5° అంటుంది. ఒక్కో రోజుకు 0.986° చొప్పున అది 43 రోజులు; 80కి కలిపితే 123వ రోజు, మే 3. లెక్క ఇక్కడితో ఆపినవారు సగమే చేసినట్టు. వృత్తం మీద అదే ఎత్తులో మరో బిందువు ఉంది: 180° − 42.5° = 137.5°. అది 139 రోజులకు, అంటే 219వ రోజుకు, ఆగస్టు 7కు తీసుకెళ్తుంది. సూత్రం ఉజ్జాయింపు కనుక అసలు తేదీకి ఒకటి రెండు రోజుల తేడా ఉండవచ్చు. అయితే ఏడాదిలో రెండుసార్లు నీడ మాయమవుతుందన్నది నిజం. అనంతపురం, కడప కాస్త దక్షిణాన ఉన్నందున అక్కడ మొదటిది ఏప్రిల్ నెలాఖరులోనే వస్తుంది, రెండోది ఆగస్టు రెండో వారంలో.

కాలిక్యులేటర్ ఒక్క జవాబే ఎందుకు ఇచ్చింది? సైన్ అన్వేక ప్రమేయం కాదు. రెండు కోణాలకు, నిజానికి అనంతమైన కోణాలకు, ఒకే విలువ ఉంటుంది. వెనక్కి వెళ్లే విలోమ ప్రమేయం కావాలంటే ఒక్క జవాబునే అనుమతించాలి. అందుకు గణితజ్ఞులు −90° నుంచి 90° వరకు ఉన్న భాగాన్ని ఎంచుకుని, అందులో దొరికే జవాబును ప్రధాన విలువ అన్నారు. సాధారణ సాధన అన్న పేరుతో వచ్చే పొడవైన సూత్రం మిగిలిన జవాబులన్నింటినీ తిరిగి రాబట్టే మార్గం.

సూత్రాలను కంఠస్థం చేయాలా, రాబట్టుకోవాలా

సైన్ (ఎ + బి) అంటే సైన్ ఎ + సైన్ బి అని రాయడం తొలి రోజుల్లో అందరికీ జరిగేదే. ఎ = 30°, బి = 60° వేస్తే కుడివైపు 0.5 + 0.866 = 1.366 వస్తుంది. ఏ సైన్ విలువా 1ని మించదు కనుక అది అసాధ్యమని వెంటనే తేలిపోతుంది.

సరైన సూత్రాలన్నింటికీ మూలం ఒక్కటే. యూనిట్ వృత్తం మీద ఎ, బి కోణాల దగ్గరున్న రెండు బిందువుల మధ్య దూరపు వర్గం 2 − 2(కాస్ ఎ కాస్ బి + సైన్ ఎ సైన్ బి). ఆ రెండింటినీ కలిపి, ఒకటి (1, 0) దగ్గరికి వచ్చేలా తిప్పితే దూరం మారదు, రెండోది ఎ − బి కోణం దగ్గర ఉంటుంది, దూరపు వర్గం 2 − 2 కాస్ (ఎ − బి) అవుతుంది. రెండూ సమానం కనుక కాస్ (ఎ − బి) = కాస్ ఎ కాస్ బి + సైన్ ఎ సైన్ బి. బి స్థానంలో −బి పెడితే కాస్ (ఎ + బి). ఎ స్థానంలో 90° − ఎ పెడితే సైన్ సూత్రాలు. రెండు కోణాలూ సమానమైతే రెట్టింపు కోణం. వచ్చినవాటిని కూడి, తీసివేస్తే మొత్తాన్ని లబ్ధంగా మార్చే సూత్రాలు. పుస్తకంలో రెండు పేజీలు నిండే జాబితా ఈ ఒక్క గొలుసు.

అయినా కంఠస్థం చేయాలనేవారికి తమ కారణం ఉంది. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితం. ప్రశ్నకు నిమిషం పైచిలుకు మాత్రమే దొరికే చోట సూత్రాన్ని మొదటినుంచీ రాబట్టుకుంటూ కూర్చోలేం. మరోవైపు, రాబట్టడం తెలియనివారు ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర సందేహపడితే తేల్చుకునే దారి ఉండదు. కొన్నిసార్లు రాబట్టిన సూత్రం వాడకంతో తనంతట తానే నోటికి వచ్చేస్తుంది. వట్టిగా నోటికి వచ్చిన సూత్రం దాని కారణాన్ని తెచ్చిపెట్టదు. క్రమం విషయంలో, ముందు రాబట్టుకోవాలన్నదే నా పక్షం.

రోజూ కొంత చదవడం, ఒంటరిగా చదవడం

జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ జ్ఞాపకశక్తి గురించి తన మీద తానే చేసుకున్న ప్రయోగాలను 1885లో ప్రచురించాడు. మరపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా జరుగుతుందనీ, ఒకేసారి ఎక్కువగా చదవడం కన్నా రోజుల వారీగా పంచి చదవడం మేలనీ అందులో తేలింది. ఆయన వాడినవి అర్థం లేని అక్షరాల కూర్పులు కనుక ఆ అంకెలను నేరుగా గణితానికి అన్వయించకూడదు. అయినా త్రికోణమితిలో ప్రతి మెట్టూ కింది మెట్టును వాడుకుంటుంది కనుక, వారానికి ఒకసారి అయిదు గంటలు కూర్చునేవారు ప్రతిసారీ వెనక్కి వెళ్లి మొదలుపెట్టాల్సి వస్తుంది. రోజుకు ముప్పావు గంట కేటాయించేవారికి ఆ ఇబ్బంది తక్కువ.

ఒంటరి చదువుకు ఈ విషయం అనుకూలమైనది కూడా, ఎందుకంటే జవాబును అంకెలతో సరిచూసుకోవచ్చు. సైన్ 2ఎ = 2 సైన్ ఎ అనిపిస్తే 30° వేసి చూస్తే చాలు: ఎడమవైపు 0.866, కుడివైపు 1. అయితే 0° వేసి చూసినవారికి రెండువైపులా సున్నా వచ్చి, తప్పు సూత్రం ఒప్పుగా కనిపిస్తుంది. ఒక్క విలువ దగ్గర విఫలమైతే సూత్రం తప్పని రుజువవుతుంది; ఒక్క విలువ దగ్గర సరిపోయినంత మాత్రాన ఒప్పని రుజువు కాదు. రాతలోనూ ఒక వల ఉంది. సైన్² ఎ అంటే సైన్ ఎ విలువకు వర్గం, కానీ సైన్⁻¹ ఎ అంటే సైన్ ఎ వ్యుత్క్రమం కాదు, విలోమ ప్రమేయం. ఒకే చోట రాసే రెండు చిన్న అంకెలకు రెండు వేర్వేరు అర్థాలుండటం విద్యార్థి తప్పు కాదు, సంప్రదాయం అలా స్థిరపడింది.

అంకెలతో సరిచూసుకోవడం కూడా చాలని చోటు సర్వసమీకరణాల నిరూపణ. సైన్ ఎ = √(1 − కాస్² ఎ) అని ఒకరు రాసి, ఇరువైపులా వర్గం చేసి, సైన్² ఎ = 1 − కాస్² ఎ వచ్చింది కనుక నిరూపణ పూర్తయిందని అనుకోవచ్చు. 30° వేసినా, 45° వేసినా, 60° వేసినా, చివరికి 150° వేసినా రెండువైపులా సమానంగానే వస్తాయి. 210° వేస్తే ఎడమవైపు −1/2, కుడివైపు 1/2. వర్గం చేసినప్పుడు గుర్తు పోయింది, ఆ అడుగును వెనక్కి నడవలేం. పదో తరగతి త్రిభుజంలో ఈ సూత్రం ఎప్పుడూ నిజమే, ఎందుకంటే అక్కడ భుజానికి రుణ పొడవు లేదు. దాన్ని మూడో పాదంలోకీ నాలుగో పాదంలోకీ అలాగే మోసుకొచ్చినప్పుడే తప్పవుతుంది. మరొకరు చూసి చెప్పకపోయినా, పరీక్షించడానికి తీసుకునే కోణాలు నాలుగు పాదాల నుంచీ ఉంటే ఈ తప్పు దానంతట అదే బయటపడుతుంది.